నేవీ లాజిస్టిక్స్ ఆఫీసర్: కోర్సు అయిపోయాక మొదలయ్యే అసలు చదువు

విశాఖపట్నంలో సిటీ బస్సు ఎక్కేవాళ్ళలో ఎన్‌ఏడీ కొత్తరోడ్డు తెలియనివాళ్ళు ఉండరు. ఆ మూడక్షరాలు నేవల్ ఆర్మమెంట్ డిపోవి. అంటే నౌకాదళం ఆయుధాలు, మందుగుండు నిల్వ ఉంచే చోటు. నేవీ అనగానే మనకు ఆర్‌కే బీచ్‌లో నేవీ డే విన్యాసాలే గుర్తొస్తాయి. ఊళ్ళో ఒక పెద్ద కూడలికి మాత్రం పేరు వచ్చింది నౌక నుంచి కాదు, గిడ్డంగి నుంచి.

మందుగుండు డిపోలు చూడటానికి నేవీలో వేరే సర్వీసు ఉంది. మిగతా సరంజామా అంతా, అంటే విడిభాగాలు, దుస్తులు, రేషన్, ఇంధనం లెక్క, నగదు, కాంట్రాక్టులు, లాజిస్టిక్స్ ఆఫీసర్ల చేతిలో ఉంటుంది. ఇది బీకాం, ఎంబీఏ చదివిన పిల్లలకు కూడా తలుపు తెరిచి ఉన్న కొలువు. అందుకే దీని గురించి మన కుటుంబాల్లో ఈ మధ్య వాకబు ఎక్కువైంది. ఎంపిక ఎలా అన్న సంగతి చాలామంది చెబుతారు. ఎంపికయ్యాక, కోర్సు ముగిశాక, ఉద్యోగం చేస్తూ నేర్చుకునే కాలంలో ఎదురయ్యే చిక్కులు మాత్రం ఎవరూ చెప్పరు. కుర్రాడు గానీ అమ్మాయి గానీ నిలదొక్కుకునేది, తడబడేది ఆ కాలంలోనే.

ఈ ఆఫీసర్ పనేమిటి?

విశాఖ రేవు 1933లో మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇక్కడ నౌకాదళ స్థావరం ఏర్పడింది. ఈనాటి ఐఎన్‌ఎస్ సర్కార్స్ ఆ పరంపరలోనిదే. ఒకప్పుడు నిజాం ఏలుబడిలో ఉన్న ఉత్తర సర్కారుల పేరే దానికి పెట్టారు. 1968లో తూర్పు నౌకాదళ కమాండ్ ఇక్కడ ఏర్పడింది. ఇప్పుడు డాక్‌యార్డ్, ఐఎన్‌ఎస్ డేగా విమాన స్థావరం, ఐఎన్‌హెచ్‌ఎస్ కల్యాణి ఆసుపత్రి, మెటీరియల్ ఆర్గనైజేషన్ అన్నీ ఈ కమాండ్ కిందివే.

మెటీరియల్ ఆర్గనైజేషన్ అంటే నేవీ సామాన్ల పెద్ద కొట్టు అనుకోవచ్చు. పంపు వాల్వు దగ్గర్నుంచి గ్యాస్ టర్బైన్ విడిభాగం దాకా ఇక్కడికి వస్తాయి, ఇక్కడి నుంచి నౌకలకు వెళ్తాయి. ఇంకో పక్క నౌకలో ఉన్న లాజిస్టిక్స్ ఆఫీసర్ తన కొట్టును తాను చూసుకోవాలి. ఎన్ని రోజులకు ఎంత బియ్యం, ఎంత మాంసం, ఎంత మంచినీళ్ళు? జనరేటర్ విడిభాగం నిల్వ ఉందా, తెప్పించాలా? జీతభత్యాల కాగితాలు సరిగా ఉన్నాయా? నగదు పెట్టెలో సొమ్ము పుస్తకంతో కలుస్తోందా? విదేశీ రేవులో ఆగితే ఇంధనం, నీళ్ళు, కూరగాయలు ఎవరి దగ్గర, ఏ రేటుకు, ఏ ఒప్పందం కింద కొనాలి?

జమ, ఖర్చు, రసీదు, బాకీ, తనిఖీ, సరంజామా. మన ఇళ్ళలో ఉర్దూలోనూ తెలుగులోనూ ఒకేలా వాడే ఈ మాటలే ఈ ఉద్యోగానికి పునాది. తేడా అల్లా ఇక్కడి కొట్టు సముద్రం మీద కదులుతుంది, ఒక వస్తువు అయిపోతే వీధి చివర దుకాణం ఉండదు.

అక్కడిదాకా దారి

నేవీలో లాజిస్టిక్స్ ఎగ్జిక్యూటివ్ బ్రాంచిలో ఒక భాగం. షార్ట్ సర్వీస్ కమిషన్ నోటిఫికేషన్లలో దీనికి సాధారణంగా అడిగేవి ఇవి: ఫస్ట్ క్లాస్‌లో బీటెక్, లేదా ఫస్ట్ క్లాస్‌లో ఎంబీఏ, లేదా ఫస్ట్ క్లాస్‌లో బీకాం గానీ బీఎస్సీ గానీ చేసి దానితోపాటు ఫైనాన్స్, లాజిస్టిక్స్, సప్లై చైన్ మేనేజ్‌మెంట్, మెటీరియల్ మేనేజ్‌మెంట్‌లలో ఒక పీజీ డిప్లొమా, లేదా ఎంసీఏ వంటివి. ఒట్టి బీకాం చాలదన్న మాట. చాలామంది ఇక్కడే పొరబడతారు.

డిగ్రీ మార్కులను బట్టి షార్ట్‌లిస్టు చేసి ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూకు పిలుస్తారు. నేవీ అభ్యర్థులకు ఎస్‌ఎస్‌బీ జరిపే ఊళ్ళలో విశాఖ కూడా ఒకటి. వైద్య పరీక్ష కూడా దాటితే కేరళలోని ఎళిమల ఇండియన్ నేవల్ అకాడమీలో ఓరియంటేషన్ కోర్సు. కవాతు, ఈత, సముద్ర జీవనం, సర్వీసు నియమాలు అక్కడ నేర్పుతారు. తర్వాత ముంబై శివారు మలాడ్ దగ్గర ఉన్న ఐఎన్‌ఎస్ హమ్లాకు పంపుతారు. నేవీ లాజిస్టిక్స్ శిక్షణకు అదే కేంద్రం. కొనుగోలు నియమాలు, నిల్వల నిర్వహణ, రేషన్, ఆర్థిక లెక్కలు, కంప్యూటర్ వ్యవస్థ అన్నీ అక్కడి తరగతుల్లోనే.

సైన్యంలో ఇదే పనికి వేరే ఏర్పాట్లున్నాయి. మనకు దగ్గరలో చూస్తే ఆర్మీ ఆర్డ్‌నెన్స్ కోర్ సెంటర్ సికింద్రాబాద్‌లో ఉంది. త్రివిధ దళాల సీనియర్ అధికారులకు మేనేజ్‌మెంట్ పాఠాలు చెప్పే కాలేజ్ ఆఫ్ డిఫెన్స్ మేనేజ్‌మెంట్ కూడా అక్కడే ఉంది.

హమ్లా నుంచి బయటకు వచ్చిన సబ్ లెఫ్టినెంట్ భుజం మీద పట్టీ ఉంటుంది, చేతిలో కోర్సు పాసైన కాగితం ఉంటుంది. కొట్టు తాళం మాత్రం ఇంకా చేతికి రాదు, రాకూడదు కూడా. నోటిఫికేషన్లలో ప్రొబేషన్ కాలం రెండేళ్ళని రాస్తారు. శిక్షణలో గానీ ప్రొబేషన్‌లో గానీ పనితీరు బాగాలేకపోతే పంపించివేసే హక్కు నేవీకి ఉంటుంది. అంటే పాసయ్యాక కూడా పరీక్ష నడుస్తూనే ఉంటుంది.

ఉద్యోగంలో శిక్షణ అంటే ఏం జరుగుతుంది?

తరగతిలో చెప్పింది నిజమైన సామాను మీద, నిజమైన మనుషులతో, నిజమైన గడువులతో చేసి చూడటమే ఉద్యోగ శిక్షణ. సీనియర్ పక్కన నిలబడి మొదట చూడాలి, తర్వాత ఆయన చూస్తుండగా చేయాలి, ఆ తర్వాత ఒంటరిగా చేయాలి. పైవాళ్ళు అడిగితే ఎందుకు అలా చేశావో చెప్పగలగాలి. అప్పుడే అర్హత.

ఒక చిన్న ఉదాహరణ తీసుకుందాం. కంప్యూటర్‌లో ఒక రకం బేరింగులు 40 అని ఉంది. అరలో లెక్కపెడితే 37. మూడు ఎక్కడ? ఇంజిన్ గది వాళ్ళు అర్ధరాత్రి అత్యవసరంగా తీసుకుని చీటీ రాయలేదా? పక్క నౌకకు అరువిచ్చారా? అసలు వచ్చినప్పుడే 37 వచ్చాయా? పుస్తకంలో ఈ ప్రశ్నకు జవాబు ఒక్క లైను: తేడా ఉంటే విచారించి నమోదు చేయాలి. నౌకలో అది మూడు రోజుల పని. పాత ఇష్యూ చీటీలు తిరగేయాలి, అప్పు రిజిస్టరు చూడాలి, ఇంజిన్ గది సెయిలర్‌ను కసురుకోకుండా అడిగి తెలుసుకోవాలి. చివరికి దొరకకపోతే నష్టం నమోదు చేసి పైవాళ్ళ మంజూరు తీసుకోవాలి. ఈ మూడు రోజులు ఒకసారి అనుభవించినవాళ్ళు మళ్ళీ చీటీ లేకుండా సామాను కదలనివ్వరు.

బీకాం చదివినవాళ్ళకు డెబిట్, క్రెడిట్ తెలుసు. స్టాక్ ఆడిట్ కూడా పాఠంలో ఉంటుంది. వాళ్ళకు కొత్తది ఏమిటంటే, నేవీలో సామాను విలువ డబ్బులో మాత్రమే ఉండదు. ఆ బేరింగు ఖరీదు తక్కువే కావచ్చు, అది లేక నౌక కదలకపోతే నష్టం వేరే లెక్క.

చిక్కు 1: పని ముందు, శిక్షణ వెనక

నౌకలో చాలినంత మంది ఉండరు. చాలా యుద్ధనౌకల్లో లాజిస్టిక్స్‌కు ఒకరో ఇద్దరో అధికారులుంటారు. కొత్తగా వచ్చిన కుర్రాడిని నేర్చుకోవడానికి వచ్చినవాడిగా కాక, పని పంచుకోవడానికి వచ్చినవాడిగా చూడటం సహజం. దానికి తోడు హార్బర్‌లో ఉన్నప్పుడు డ్యూటీ ఆఫీసర్ బాధ్యతలు, అతిథులొస్తే ఏర్పాట్లు, ఆటల పోటీలు. ఇవన్నీ చేసేసరికి నేర్చుకోవలసిన అంశాల జాబితా అలాగే మిగిలిపోతుంది.

గడువు దగ్గర పడ్డాక ఆ జాబితాలో టిక్కులు ఒక్కసారిగా పడితే అదే ప్రమాదం. కాగితం మీద అర్హత వస్తుంది, చేతికి పని రాదు. ఇది ఒక్క నేవీ సంగతే కాదు. పోర్టులో, స్టీల్‌ప్లాంట్‌లో అప్రెంటిస్‌గా చేసినవాళ్ళెవరిని అడిగినా ఇదే మాట చెబుతారు.

చిక్కు 2: నేర్పే గురువు పక్కన లేకపోవడం

డాక్టరు దగ్గర జూనియర్ డాక్టరు నేర్చుకుంటాడు, ఆడిటర్ దగ్గర ఆర్టికల్డ్ క్లర్క్ నేర్చుకుంటాడు. గురువుదీ శిష్యుడిదీ ఒకే వృత్తి. ఒంటరి లాజిస్టిక్స్ ఆఫీసర్ ఉన్న నౌకలో అలా కాదు. పైనున్న కమాండింగ్ ఆఫీసర్ నౌక నడపడంలో, యుద్ధంలో ఆరితేరిన మనిషి. స్టోర్స్ లెడ్జర్‌లో మెలకువలు చెప్పడం ఆయన వృత్తి కాదు.

అసలు గురువులు కిందివాళ్ళలో ఉంటారు. ఇరవై ఏళ్ళు స్టోర్స్ చూసిన పెట్టీ ఆఫీసర్, మెటీరియల్ ఆర్గనైజేషన్‌లో జీవితం గడిపిన సివిలియన్ స్టోర్‌కీపర్. ఇరవై మూడేళ్ళ ఆఫీసర్‌కు వాళ్ళు సెల్యూట్ చేస్తారు, కానీ పని తెలిసింది వాళ్ళకే. అడగడానికి నామోషీ పడితే నేర్చుకోలేడు. అన్నీ వాళ్ళకే వదిలేస్తే సంతకం తనది, నిర్ణయం వాళ్ళది అవుతుంది. ఈ రెంటి మధ్య నడవడం ఏ తరగతిలోనూ నేర్పలేరు.

2022లో వచ్చిన అగ్నిపథ్ పథకంలో అగ్నివీరుల సర్వీసు నాలుగేళ్ళు. వారిలో 25 శాతం దాకా మాత్రమే ఆ తర్వాత కొనసాగుతారు. పాత చేతుల అనుభవం కొత్త ఆఫీసర్లకు అందే తీరు మీద దీని ప్రభావం ఉండక తప్పదు. కిందివాళ్ళు త్వరగా మారుతుంటే, నేర్పాల్సిన భారం ఆఫీసర్ మీదే పెరుగుతుంది.

చిక్కు 3: సంతకం బరువు

నౌకాదళంలో చాలా తప్పులు సీనియర్లు సరిదిద్దగలరు. సంతకం అలా కాదు. చార్జి అప్పగింత కాగితం మీద సంతకం పెట్టిన క్షణం నుంచి ఆ కొట్టులో ఉన్నదీ లేనిదీ కొత్త ఆఫీసర్ ఖాతాలోకి వస్తుంది. పాత ఆఫీసర్ బదిలీ మీద వెళ్ళే రైలు టికెట్ చేతిలో పట్టుకుని ఉంటాడు, నౌక వారంలో బయల్దేరుతుంది, వేల రకాల వస్తువులున్నాయి. అన్నీ లెక్కపెట్టే టైమ్ ఉండదు. ‘అంతా సరిగానే ఉంది, సంతకం పెట్టు’ అంటారు.

ఇక్కడ తొందరపడినవాళ్ళకు ఆ తర్వాత ఆడిట్‌లో నిద్ర పట్టదు. రక్షణ శాఖ ఖర్చులను డిఫెన్స్ అకౌంట్స్ విభాగం చూస్తుంది, దానిపైన కాగ్ తనిఖీ ఉంటుంది. తేడాలకు జవాబు చెప్పాల్సింది సంతకం పెట్టినవారే. అందుకే అప్పగింతలో ఖరీదైనవి, సులభంగా మాయమయ్యేవి, ప్రాణాలకు సంబంధించినవి ముందుగా సొంత కళ్ళతో లెక్కపెట్టాలి. మిగిలినవి లెక్కపెట్టలేదని కాగితం మీదే రాయాలి. అలా రాయడానికి ధైర్యం కావాలి. ఆ ధైర్యం శిక్షణలో భాగం కావాలి.

చిక్కు 4: మారే నియమాలు

కొనుగోలుకు ప్రభుత్వ నియమాలు ఒక పొర, రక్షణ శాఖ నియమాలు ఇంకో పొర. 2005 నాటి జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ స్థానంలో 2017లో కొత్తవి వచ్చాయి. ప్రభుత్వ కార్యాలయాలు జెమ్ పోర్టల్ ద్వారా కొనడం వాటితో తప్పనిసరి అయింది. రక్షణ శాఖలో రోజువారీ కొనుగోళ్ళకు చాలాకాలం 2009 నాటి డిఫెన్స్ ప్రొక్యూర్‌మెంట్ మాన్యువల్ నడిచింది. 2025 నవంబరు నుంచి కొత్త మాన్యువల్ అమల్లోకి వచ్చింది.

దీని అర్థం, ఒక బ్యాచ్ తరగతిలో నేర్చుకున్న పద్ధతి నౌకకు చేరేసరికి పాతబడిపోవచ్చు. సీనియర్ చెప్పేది ఒకటి, కొత్త పుస్తకంలో ఉన్నది ఇంకొకటి కావచ్చు. ‘ఎప్పట్నుంచో ఇలాగే చేస్తున్నాం’ అనే మాట ఆడిటర్ ముందు నిలబడదు. కాబట్టి నియమం కంఠస్థం చేయడం కన్నా, ఈ రోజు అమల్లో ఉన్న నియమం ఎక్కడుందో వెతికి చూసే అలవాటు ముఖ్యం.

చిక్కు 5: కంప్యూటర్ తెర, ఇనుప అర

నేవీ నిల్వల నిర్వహణకు ఐఎల్‌ఎంఎస్ అనే కంప్యూటర్ వ్యవస్థ ఉంది. కొత్త తరానికి తెర మీద పని సులువు. కానీ తెర చూపించేది ఎవరో ఎక్కించిన సమాచారమే. అరలో వస్తువుకు తుప్పు పట్టిందా, రబ్బరు సీలు గడువు దాటిందా, పెట్టె మీద పేరు ఒకటి లోపల సామాను ఇంకొకటా? ఇవి తెలియాలంటే కొట్టులోకి దిగి చేతులు మురికి చేసుకోవాల్సిందే.

సముద్రపు గాలిలో ఉప్పు, తేమ ఎక్కువ. విశాఖలో ఇంటి గ్రిల్ ఎన్నాళ్ళకు తుప్పు పడుతుందో మనకు తెలుసు. నౌక స్టోర్‌లో ఉన్న సున్నితమైన విడిభాగం సంగతి చెప్పక్కర్లేదు.

చిక్కు 6: రకరకాల నౌకలు, రకరకాల పేర్లు

తూర్పు నౌకాదళంలో చాలాకాలం సేవ చేసిన ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ సోవియట్ యూనియన్‌లో తయారైంది. 2021 మే 21న విశాఖలోనే దానికి వీడ్కోలు పలికారు. ఐఎన్‌ఎస్ జలాశ్వ అమెరికా నుంచి కొన్నది. ఇంధన నౌక ఐఎన్‌ఎస్ శక్తి ఇటలీలో కట్టింది. మిగతావి ఎక్కువగా మన దేశపు నౌకా కేంద్రాల్లో తయారయ్యాయి. ఒకే వస్తువుకు ఒక చోట ఒక పేరు, ఇంకో చోట ఇంకో నంబరు. ఈ గందరగోళం తగ్గించడానికే నాటో పద్ధతిలో 13 అంకెల స్టాక్ నంబరు వచ్చింది. అందులో భారత్ కోడ్ 72. అయినా ఒక రకం నౌకలో నేర్చుకున్న ఆఫీసర్ రెండేళ్ళకో మూడేళ్ళకో ఇంకో రకానికి మారితే సగం చదువు మళ్ళీ మొదటికొస్తుంది.

పైగా త్రివిధ దళాల సరఫరాను కలిపే ప్రయత్నం సాగుతోంది. 2021లో గువాహటి, పోర్ట్ బ్లెయిర్, ముంబైలలో జాయింట్ లాజిస్టిక్స్ నోడ్‌లు పని మొదలుపెట్టాయి. అమెరికాతో 2016లో, ఆస్ట్రేలియా, జపాన్‌లతో 2020లో పరస్పర లాజిస్టిక్స్ ఒప్పందాలు కుదిరాయి. నేటి ఆఫీసర్ తన నేవీ లెక్కే కాదు, సైన్యం లెక్క, పరదేశపు నౌక లెక్క కూడా అర్థం చేసుకోవాలి.

చిక్కు 7: రేషన్ చీటీ కూడా రహస్యమే

1971 యుద్ధం ముందు విశాఖలో జరిగిన సంగతి ఈ శాఖకు పెద్ద పాఠం. అప్పుడు తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్. విమాన వాహక నౌక విక్రాంత్‌ను అండమాన్ వైపు పంపేసి, అది విశాఖలోనే ఉందని శత్రువును నమ్మించాలన్నది ఆయన ఎత్తుగడ. ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ విక్రాంత్‌లా వైర్‌లెస్ సందేశాలు పంపింది. ఇది 2021లో వీడ్కోలు పలికిన రాజ్‌పుత్‌కు ముందు అదే పేరుతో ఉన్న పాత నౌక. దాంతోపాటు ఊళ్ళోని కాంట్రాక్టర్లకు మాంసం, కూరగాయలు పెద్ద ఎత్తున ఆర్డరు ఇచ్చారు. అంత సరుకు కొంటున్నారంటే పెద్ద నౌకలు రేవులో ఉన్నట్టే కదా అని వేగులు అనుకోవాలి. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ తీరానికి వచ్చింది, డిసెంబరు 3-4 రాత్రి ఇక్కడే మునిగిపోయింది.

కొన్న కూరగాయలను బట్టి నౌకల లెక్క చెప్పవచ్చు అన్నది ఇందులో నీతి. బజారులో ఇచ్చే ఆర్డరు, సరఫరాదారుతో ఫోన్లో మాట, వాట్సాప్‌లో పంపిన జాబితా, అన్నీ సమాచారమే. స్థానిక వ్యాపారులతో రోజూ వ్యవహరించే యువ ఆఫీసర్‌కు ఈ జాగ్రత్త మొదటి రోజు నుంచే ఉండాలి. సరఫరా కాంట్రాక్టులు చేసే మన వ్యాపార కుటుంబాలకు కూడా ఇదే వర్తిస్తుంది.

తొందరలో ఎక్కించిన సామాను

ఇతర దేశాల అనుభవం కూడా చూద్దాం. 1982లో ఫాక్‌లాండ్స్ యుద్ధానికి బ్రిటన్ నౌకలు హడావుడిగా బయల్దేరాయి. ఏది ముందు దించాలో చూసుకోకుండా చేతికందినట్టు సామాను ఎక్కించారు. దారిలో అసెన్షన్ ద్వీపం దగ్గర ఆగి, చాలా సామాను మళ్ళీ సర్దుకోవాల్సి వచ్చింది. మే 25న అట్లాంటిక్ కన్వేయర్ అనే సరుకు నౌక మీద క్షిపణి పడింది. అందులో ఉన్న చినూక్ హెలికాప్టర్లు మూడు, గుడారాలు, ఇతర సరంజామా పోయాయి. ఆ తర్వాత సైనికులు బరువులు మోస్తూ చలిలో కాలినడకన సాగాల్సి వచ్చింది. ముఖ్యమైన సామాను అంతా ఒకే నౌకలో పెట్టకూడదన్న పాఠం ఆ రోజు ఖరీదుగా నేర్చుకున్నారు.

విశాఖ నౌకదే ఒక మంచి ఉదాహరణ కూడా ఉంది. 2020 మే నెలలో కరోనా లాక్‌డౌన్ వేళ ‘సముద్ర సేతు’ కింద ఐఎన్‌ఎస్ జలాశ్వ మాల్దీవుల నుంచి 698 మంది భారతీయులను కొచ్చికి చేర్చింది. సైనికులను మోసే నౌకలో గర్భిణులు, పిల్లలతో సహా అంతమంది పౌరులు. వాళ్ళకు పడక, భోజనం, నీళ్ళు, మరుగుదొడ్లు, మాస్కులు, దూరం పాటించే ఏర్పాటు అన్నీ ముందే లెక్క వేయాలి. అలాంటి లెక్క ఏ పాఠ్యపుస్తకంలోనూ తయారుగా దొరకదు. రోజువారీ రేషన్ లెక్క కచ్చితంగా చేసిన చేయి ఉంటేనే అనుకోని రోజున పెద్ద లెక్క తప్పదు.

అమెరికా ఏం చేస్తోంది?

అమెరికా నేవీలో ఈ శాఖను సప్లై కోర్ అంటారు. కొత్త ఆఫీసర్లకు రోడ్ ఐలండ్‌లోని న్యూపోర్ట్‌లో స్కూలు ఉంది. అంతకుముందు అది జార్జియా రాష్ట్రంలో ఏథెన్స్ అనే ఊళ్ళో ఉండేది. స్కూలు తర్వాత నౌక మీదకు వెళ్ళినవాళ్ళు అక్కడ ఇంకో అర్హత సంపాదించాలి. నేర్చుకోవాల్సిన అంశాలన్నీ రాసి ఉన్న పుస్తకం ఇస్తారు. ఒక్కో అంశం మీద, అది తెలిసినవారి ముందు చేసి చూపించి సంతకం తీసుకోవాలి. తన స్టోర్స్ పనే కాదు, నౌకలో అగ్నిప్రమాదం వస్తే ఏం చేయాలి, ఇంజిన్ ఎలా పనిచేస్తుంది, ఆయుధాలు ఏవి అన్నవి కూడా ఉంటాయి. చివర్లో సీనియర్ల బోర్డు ముందు నోటి పరీక్ష. పాసైతే యూనిఫాం మీద ప్రత్యేక బ్యాడ్జి.

ఈ పద్ధతికీ ఇబ్బంది ఉంది. సంతకాల వేటలో పడి నేర్చుకోవడం మరిచిపోవచ్చు. అయినా ఒక మేలుంది. ఎవరికి ఏం వచ్చో, ఏం రాదో కాగితం మీద ఉంటుంది, బోర్డు ముందు బయటపడుతుంది.

ఏం చేస్తే మేలు?

ఈ చిక్కుల్లో చాలావాటికి పెద్ద ఖర్చు లేని మార్గాలున్నాయి. మొదటిది, కొత్త ఆఫీసర్‌ను నౌకకు పంపేముందు కొన్నాళ్ళు మెటీరియల్ ఆర్గనైజేషన్‌లో, డాక్‌యార్డ్‌లో తిప్పడం. సామాను ఎక్కడి నుంచి వస్తుందో చూసినవాడు డిమాండు రాయడంలో పొరబడడు. రెండోది, ఒంటరిగా ఉన్న ఆఫీసర్‌కు తీరంలో అదే శాఖ సీనియర్‌ను గురువుగా పెట్టడం. మూడోది, అప్పగింతకు తగినన్ని రోజులు కేటాయించి, ఆ రోజుల్లో వేరే డ్యూటీ వేయకపోవడం. నాలుగోది, అర్హత బోర్డులో జ్ఞాపకశక్తిని కాక కొట్టును పరీక్షించడం: ‘ఈ అర తెరువు, లెక్క చూపించు’ అనడం.

అవసరం కూడా పెరుగుతోంది. 2023 ఆగస్టులో విశాఖలోని హిందుస్తాన్ షిప్‌యార్డ్‌తో సుమారు 19,000 కోట్ల రూపాయలకు 5 ఫ్లీట్ సపోర్ట్ నౌకల ఒప్పందం జరిగింది. ఒక్కోటి 44,000 టన్నుల తరగతి. నడిసముద్రంలో ఇతర నౌకలకు ఇంధనం, నీళ్ళు, మందుగుండు, సరుకులు అందించడమే వాటి పని. ఇవి నీటిలోకి దిగే నాటికి వాటి కొట్టు నడిపే ఆఫీసర్లు సిద్ధంగా ఉండాలి.

తల్లిదండ్రులు, పిల్లలు గమనించాల్సినవి

ఇది జీవితాంతం ఉండే ఉద్యోగం అనుకోవద్దు. షార్ట్ సర్వీస్‌లో మామూలుగా గరిష్ఠ కాలం 14 ఏళ్ళు. పర్మనెంట్ కమిషన్ ఖాళీలను, పనితీరును బట్టి ఉంటుంది. పనితీరు రికార్డు మొదటి నౌక నుంచే మొదలవుతుంది కాబట్టి, ఉద్యోగ శిక్షణ కాలం తేలిగ్గా తీసుకునేది కాదు.

అభ్యర్థి అవివాహితులై ఉండాలి. శిక్షణ కాలంలో పెళ్ళి చేసుకుంటే పంపించివేస్తారు, అప్పటిదాకా అయిన ఖర్చు తిరిగి కట్టాల్సి వస్తుంది. మంచి రిష్తా వచ్చిందని ఇంట్లో తొందరపడే ముందు ఈ నియమం గుర్తుంచుకోవాలి.

అమ్మాయిలకు ఇది పాత దారే. 1991లో కేంద్రం నేవీలో మహిళలకు మొదట తెరిచిన శాఖల్లో లాజిస్టిక్స్ ఒకటి. 2020 మార్చి 17న సుప్రీంకోర్టు నేవీ షార్ట్ సర్వీస్ మహిళా అధికారులకు పర్మనెంట్ కమిషన్ విషయంలో పురుషులతో సమానంగా చూడాలని తీర్పు ఇచ్చింది.

డిగ్రీలో చేరినప్పుడే మార్కులు, పీజీ డిప్లొమా ఆలోచించుకోవాలి. డిప్లొమాకు గుర్తింపు ఉందా లేదా అన్నది ఫీజు కట్టకముందే చూసుకోవాలి. అర్హతలు, వయసు ప్రతి నోటిఫికేషన్‌లో సరిచూసుకోవాలి. ఎంపిక చేయిస్తామని డబ్బు అడిగే బ్రోకర్‌ను నమ్మొద్దు. ఎస్‌ఎస్‌బీలో సిఫారసు పనిచేయదు.

ఆఫీసర్ దారి కుదరకపోతే సరఫరా పనికి వేరే తలుపులున్నాయి. విశాఖ నేవల్ డాక్‌యార్డ్ అప్రెంటిస్ స్కూలు ఐటీఐ చదివినవాళ్ళను తీసుకుంటుంది. మెటీరియల్ ఆర్గనైజేషన్‌లో సివిలియన్ కొలువులకు వేరే నోటిఫికేషన్లు వస్తాయి. పోర్టు చుట్టుపక్కల గిడ్డంగుల్లో, షిప్పింగ్ ఏజెన్సీల్లో ఒక ఏడాది పనిచేసినా స్టాక్ లెక్కలు చేతికి అలవాటవుతాయి.

సర్వీసు ముగించి బయటకు వచ్చేవారికి రక్షణ శాఖ రీసెటిల్‌మెంట్ డైరెక్టరేట్ కోర్సులు నడుపుతుంది. నేవీలో చేసిన పనిని బయటి కంపెనీకి అర్థమయ్యేలా కాగితం మీద పెట్టడం కూడా ఒక పనే. ఎన్ని రకాల నిల్వలు చూశారు, ఏ కొనుగోలు నియమాల కింద పనిచేశారు, ఎన్ని ఆడిట్‌లు దాటారు అన్నది మొదటి రోజు నుంచి సొంత నోట్‌బుక్‌లో, రహస్య వివరాలు లేకుండా, రాసుకుంటూ పోతే తర్వాత పనికొస్తుంది.

తరచూ వినిపించే మాటలు

మస్టర్: నిల్వను చేత్తో లెక్కపెట్టి పుస్తకంతో సరిచూడటం.

డిమాండు: నౌక నుంచి పెద్ద కొట్టుకు పంపే సామాన్ల కోరిక.

ఇష్యూ: కొట్టు నుంచి సామాను ఇవ్వడం. చీటీ లేకుండా జరగకూడదు.

సర్వే: వాడిన వస్తువు బాగుచేయదగ్గదా, తీసివేయాలా అని పరీక్షించి తేల్చడం.

రేషన్ స్కేలు: మనిషికి రోజుకు ఏ పదార్థం ఎంత అన్న అధికారిక కొలత.

ఆడిట్ పేరా: తనిఖీలో దొరికిన లోపం మీద రాసిన అభ్యంతరం. జవాబు ఇచ్చి మూసేదాకా అది వెంటాడుతూనే ఉంటుంది.